బిల్హా దగ్గర నిండని చెరువు

మా విజయనగరం వైపు బిలాస్‌పూర్ పేరు తెలియని ఇల్లు ఉండదు. తాతో, మేనమామో, పెదనాన్నో ఎవరో ఒకరు అక్కడ రైల్వేలో పనిచేసి ఉంటారు. అయినా ఆ ఊరు చూడాలని ఎవరూ బయల్దేరరు. పెళ్ళికి వెళ్తారు, పరామర్శకి వెళ్తారు, వచ్చేస్తారు. నేను మొన్న సెప్టెంబరులో ఆరు రోజులు వెళ్ళొచ్చాను. ఎందుకు వెళ్ళావని అడిగిన వాళ్ళందరికీ ఉన్నమాటే చెప్పాను. ఒక చెరువు ఎందుకు నిండటం లేదో చూడటానికి.

నన్ను పిలిచింది శాంతి. సాలూరు దగ్గర కొండవార ఊరి పిల్ల. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే రోజుల్లో నా దగ్గర మూడేళ్ళు చదివింది. తర్వాత కన్యాస్త్రీల మఠంలో చేరి సిస్టర్ శాంతి అయింది. ఇప్పుడు బిలాస్‌పూర్‌కి దగ్గర్లో, బిల్హా అనే చిన్న ఊరి అవతల ఉన్న క్యాథలిక్ మిషన్‌లో పనిచేస్తోంది. ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"టీచరుగారూ, మా గుడి వెనకాల ఓ చెరువుంది. మూడేళ్ళుగా నిండటం మానేసింది. ఎలాగూ ఎండిపోతోంది కదా, పూడ్చేసి పెద్ద హాలు కట్టేద్దామంటున్నారు సంఘం పెద్దలు. వచ్చే నెల్లో ఓ ఆదివారం పూజ అయ్యాక తేల్చేస్తారు. చెరువు పోతే చుట్టుపక్కల బోరింగుల్లో నీళ్ళుండవు. మీరొక్కసారి వచ్చి మట్టి చూసి చెప్పండి."

రిటైరైన నాలుగేళ్ళలో నన్ను మట్టి చూసి చెప్పమన్న మనిషి మరొకరు లేరు. ఆ సంతోషంతోనే టికెట్టు తీసుకున్నాను.

భాటాపారాలో ఎక్కిన గుమాస్తా

తెల్లారి కళ్ళు తెరిచేసరికి కిటికీ అవతల అంతా వరే. మన చేలగట్లు బోడిగా ఉంటాయి. అక్కడ గట్టు గట్టుకీ తుమ్మచెట్లు నిలబడి ఉన్నాయి. చేను మధ్యలో ఎవరో నాటినట్టు కాదు, చెట్ల మధ్య చేను సర్దుకున్నట్టు ఉంది.

భాటాపారాలో లోకల్ జనం మా బోగీలోకి ఎక్కారు. రిజర్వేషన్ అన్న మాట ఆ దారిలో ఎవరూ పట్టించుకోరు. నా సీటు చివర కూర్చున్నాయన పేరు వర్మ, కోర్టు గుమాస్తా. ఒళ్ళో ఎర్ర తాడు కట్టిన ఫైళ్ళు. బిలాస్‌పూర్‌లో దిగి మళ్ళీ ఆటోలో వెనక్కి బోద్రీ వెళ్ళాలట, హైకోర్టు అక్కడ. రోజూ ఇదే ప్రయాణం. సంచీలోంచి డబ్బా తీసి ఠేఠ్రీలు పెట్టారు. శనగపిండి జంతికల్లాంటివే, మెలితిప్పి ఉంటాయి. తీజ్ పండగకి ఇంట్లో చేసినవి ఇంకా మిగిలాయన్నారు.

ఏం పనిమీద వచ్చానని అడిగారు. చెరువు సంగతి చెప్పాను.

"మా ఊళ్ళోనూ ఉండేది చెరువు. దాని మీద కేసు నడుస్తోంది. కాగితాలన్నీ టైపు చేసింది నేనే," అన్నారు ఆయన హిందీలో.

"ఎవరిదని తేలింది?"

"తేలేలోపల పూడ్చేశారు. ఇప్పుడక్కడ దుకాణాలున్నాయి. కేసు మాత్రం ఇంకా నడుస్తోంది, మేడమ్."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంకో ఠేఠ్రీ అందించి, "మీరు ముందే వచ్చారుగా, అచ్ఛా హై," అన్నారు.

నెహ్రూ నగర్‌లో భోజనం

బస మా పిన్ని ఇంట్లో. బాబాయి అప్పలస్వామి గారు రైల్వేలో లోకో పైలట్‌గా రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నారు. డెబ్బై దాటాయి. ఆవిరింజన్ల రోజుల్లో బొగ్గు ఎగదోసే పనితో మొదలుపెట్టి, చివరికి కరెంటు ఇంజన్లతో గనుల నుంచి బొగ్గు రేకులు, అంటే వేగన్లు వరసగా తగిలించిన గూడ్సు బళ్ళు, లాగారు. యాభై ఏళ్ళుగా అక్కడే ఉన్నా నోట్లో శ్రీకాకుళం అలాగే ఉంది, మధ్య మధ్య హిందీ కలుస్తుంది.

పిన్ని దుబ్‌రాజ్ బియ్యం వండింది. అన్నం కుతకుతలాడుతుంటేనే వీధిదాకా వాసన. పక్కన మన నువ్వుల పచ్చడి, వాళ్ళ ఎర్ర తోటకూర, చివర్న పెరుగు. బాబాయి అన్నం కలుపుతూ అడిగారు.

"చెరువు చూడ్డానికి ఇంత దూరం వచ్చీసావేటమ్మా గౌరీ! మట్టి మీ ఊళ్ళో లేదేటి?"

"శాంతి పిలిచింది బాబాయ్. వాళ్ళ పోపుగారి లేఖ చదివి ఆడవాళ్ళంతా చెరువు పూడ్చొద్దంటున్నారట."

"ఆ లేఖ సంగతి నాకూ తెల్సు. పక్కింటి డేవిడ్ చెప్పేడు. బొగ్గు కాల్చడం తగ్గించాలంట. అచ్ఛా! బొగ్గు లేకపోతే ఈ ఊరెక్కడిది? నీ పిన్ని చేతి గాజులెక్కడివి? నేనేటి, ముప్పై ఎనిమిదేళ్ళు పాపం లాగేనా?"

పిన్ని పెరుగు వడ్డిస్తూ, "అన్నం తినేటప్పుడు కేకలెందుకు?" అంది.

ఆ లేఖ నేను అప్పటికే తిరగేసి ఉన్నాను. పదేళ్ళ కిందట రోములోని పోపుగారు క్రైస్తవులకే కాక భూమ్మీద ఉన్నవాళ్ళందరికీ రాసింది. భూమి మనుషులందరి ఉమ్మడి ఇల్లని, దాన్ని పాడుచేస్తే ముందుగా దెబ్బ తినేది పేదవాళ్ళేనని, పేదరికాన్నీ ప్రకృతి నాశనాన్నీ రెండు వేరు జబ్బులుగా చూడొద్దని దాని సారం. అదే ఏడాది దేశాలన్నీ కూడి అభివృద్ధికి కొత్త లక్ష్యాలు రాసుకున్నాయి, వాతావరణం గురించి ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ చర్చల్లో ఈ లేఖ మాట కూడా వచ్చిందని పేపర్లో చదివిన గుర్తు. అయితే నేను గుడులకీ చర్చిలకీ పెద్దగా వెళ్ళే మనిషిని కాను. అంత పెద్ద మాట బిల్హా అవతలి వరిచేల దాకా వస్తే ఏమవుతుందో చూడాలన్న కుతూహలమే నాది. పెరుగన్నం తిని లేచాను.

మర్నాడు పొద్దున్నే బాబాయే చొక్కా వేసుకుని సిద్ధంగా కూర్చున్నారు. "నువ్వొక్కదానివీ ఎలాగెల్తావు? లోకల్లో రష్షుంటాది. పద, నేనూ వస్తాను. ఆ సిస్టర్‌ని నేనే అడుగుతాను," అన్నారు.

బిల్హా దాటాక

బిల్హా స్టేషన్లో శాంతి ఎదురొచ్చింది. లేత నీలం చీర, రబ్బరు చెప్పులు, జుట్టు అక్కడక్కడా నెరిసింది. నువ్వనాలో మీరనాలో తోచలేదు. "టీచరుగారూ, నన్ను మీరు అన్నారంటే ఇక్కణ్ణించే తిరిగి పంపించేస్తాను," అని ఆమే తేల్చేసింది.

మిషన్ దగ్గర గురువు ఫాదర్ ఇగ్నేస్ మాకు టీ ఇచ్చారు. జష్‌పూర్ కొండల నుంచి వచ్చిన మనిషి, యాభై ఏళ్ళుంటాయి, నెమ్మదిగా మాట్లాడతారు. చర్చి, చిన్న బడి, వెనకాల చెరువు. చెరువంటే మన లెక్కలో కుంట, ఎకరన్నర ఉంటుందేమో. వానాకాలం ముగింపులో అంచుల దాకా ఉండాల్సిన నీళ్ళు మధ్యలో పళ్ళెమంత ఉన్నాయి. గట్టు మీద మేకల్ని తోలుకుంటూ ఒక ముసలావిడ నిలబడి మమ్మల్ని చూస్తోంది. పేరు సుఖ్‌మతి. అక్కడ తల్లిని దాయి అంటారు, అందుకని అందరికీ సుఖ్‌మతీ దాయి. ఆవిడ క్రైస్తవురాలు కాదు, ఇల్లు మాత్రం చర్చి గోడ పక్కనే.

చెరువులోకి దిగుతూనే గట్టు మీద జారాను. ఒక చెప్పు బురదలో మునిగింది, ఎంత వెతికినా దొరకలేదు. మిగతా రోజంతా శాంతి ఇచ్చిన రబ్బరు చెప్పులతోనే తిరిగాను, ఒక సైజు పెద్దవి. మట్టి పిసికి చూశాను, ఉండ చేసి చూశాను, గొయ్యి తవ్వించి నీళ్ళు పోయించి గంటసేపు కూర్చున్నాను. నల్లటి బంకమట్టి. గంటలో వేలెడు కూడా దిగలేదు.

"చెరువు కారటం లేదు శాంతీ. మట్టిలో తప్పేమీ లేదు. మరి ఎందుకు నిండటం లేదో నాకు తెలియటం లేదు," అన్నాను. అంత దూరం నుంచి పిలిపించుకున్న టీచరు అలా అనాల్సి వచ్చినందుకు సిగ్గేసింది.

ఈలోగా బాబాయి చెట్టుకింద శాంతిని పట్టుకున్నారు. "అమ్మా, నేను బొగ్గు బళ్ళు నడిపినోణ్ణి. మీ పుస్తకం ప్రకారం నేనెవర్ని?"

శాంతి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. తర్వాత అంది: "బాబాయిగారూ, మా నాన్న పోడు కొట్టేవాడు. కొండ మీద చెట్లు నరికి, తగలేసి, అందులో పండిన చోళ్ళు అమ్మి నన్ను చదివించేడు. ఆ చదువుతోనే ఇవాళ చెట్లు నరకొద్దని చెబుతున్నాను. మా నాన్నని తప్పు పడతానా? ఆయనకి వేరే దారి ఎవరూ చూపించలేదు. లేఖ మిమ్మల్ని దోషి అనలేదు. ఇకముందు ఎలాగ అని అడుగుతోంది, అంతే."

బాబాయి గడ్డం గోక్కున్నారు. లేచి, "ఈ చెరువుకి నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చీవి?" అన్నారు.

ఆ మాట నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. సుఖ్‌మతీ దాయి కర్రతో ఉత్తరం వైపు ఎత్తుగా ఉన్న గరప నేల చూపించింది. అటు నుంచి చెరువుకి మధ్యలో చర్చికి వెళ్ళే సిమెంటు రోడ్డు అడ్డంగా ఉంది, మోకాలెత్తున.

బాబాయి ఆ రోడ్డు వెంట నడిచారు. మేమంతా వెనకాల. కొంత దూరం పోయి ఆగారు, మళ్ళీ వెనక్కి వచ్చారు. "ఇక్కడ వాలుంది," అన్నారు.

"నాకు కనపడటం లేదు బాబాయ్."

"కంటికి కనపడదమ్మా. ఖాళీ రేకయితే తెలీదు. యాభై ఎనిమిది వేగన్ల బొగ్గు లాగుతుంటే భూమి ఏ పక్కకి ఒంగిందో నడుముకి తెలిసిపోద్ది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పనే చేసేను."

రోడ్డు పక్కకి దిగి, దాయి చేతికర్ర తీసుకుని తూటి పొదల్లోకి దూర్చారు. రెండు మూడు చోట్ల పొడిచాక కర్ర ఠంగుమంది. పొదలు తప్పిస్తే మట్టిలో సగం కూరుకుపోయిన తూము నోరు. పాత బండిబాట కింద నీళ్ళు దాటడానికి వేసిన సిమెంటు గొట్టం. కొత్త రోడ్డు దాని మీదుగా, దాన్ని చూడకుండా వెళ్ళిపోయింది. పైనుంచి వచ్చే నీళ్ళు రోడ్డుకి తగిలి, పక్కకి తిరిగి, దూరంగా ఉన్న వాగులోకి పోతున్నాయి.

"ఎవరేసేరీ రోడ్డు?" అన్నారు బాబాయి.

శాంతి నేల చూసింది. ఫాదర్ ఇగ్నేస్ మెల్లగా, "మేమే. నేనే వేయించాను," అన్నారు.

వానాకాలంలో బడి బస్సు బురదలో దిగబడుతోందని ఆయన రెండేళ్ళు తిరిగి సాధించిన రోడ్డట అది. ఇప్పుడు దాన్ని పగలగొట్టమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నాకు అసలే రాలేదు. గ్రామాభివృద్ధి మీద వ్యాసంలో 'పక్కా రోడ్లు' అని రాసిన పిల్లలకి మార్కు వేసిన టీచర్లలో నేనూ ఒకదాన్ని.

ఫాదర్ వంగి తూము నోట్లోని మట్టి వేళ్ళతో గీకి చూశారు. "ఆదివారం చూద్దాం," అని లోపలికి వెళ్ళిపోయారు.

శనివారం బజారు

ఆ ఒక్క రోజూ ఏమీ తోచలేదు. సాయంత్రం టీలోకి ఏదైనా వేడిగా ఉంటే బాగుండుననిపించి బజారుకి వెళ్ళి, నాకొచ్చిన హిందీలో పావుకిలో భాజీ ఇవ్వమన్నాను. ఆ అమ్మాయి నా చేతిలో ఆకుకూర కట్ట పెట్టింది. ఇది కాదు, భాజీ అన్నాను. ఇంకో రకం ఆకుకూర తీసింది. మూడో కట్ట దగ్గర అర్థమైంది, అక్కడ భాజీ అంటే కూరాకు. మన బజ్జీ కావాలంటే పకోడీ అనాలి. అన్ని కట్టలు విప్పించి ఊరికే వెళ్ళలేక మూడూ కొన్నాను. పాతిక రూపాయలు, ఒళ్ళో పట్టనంత కూర. పిన్ని మూడు రోజులు నవ్వింది, మూడు రోజులు అదే వండింది.

ఆ సాయంత్రం బాబాయి ఒక మాటన్నారు. "ఆ ఫాదర్ మంచోడే. కానీ రోడ్డు పీకడు చూడు. నేనైతే పీకను. అంత కష్టపడి తెచ్చుకుందాన్ని ఎవడు పీకుతాడు?"

ఆదివారం పూజ

చెప్పులు బయట విడిచి, ఆడవాళ్ళం ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నాం. మాందర్ అనే మద్దెల వాయిస్తూ పాడారు. బలిపీఠం ముందు హారతిచ్చారు. మా వీధి చివరి కోవెలకీ దీనికీ నేననుకున్నంత దూరం లేదు. బాబాయి లోపలికి రానని మొండికేసి, చివరికి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నారు. సుఖ్‌మతీ దాయి కూడా ఏం జరుగుతుందో చూడాలని వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

వాళ్ళ పూజ మొదట్లో అందరూ కలిసి తమ తప్పులు ఒప్పుకునే ప్రార్థన ఉంది. నా తప్పు వల్లే అంటూ గుండె మీద చేత్తో కొట్టుకుంటారు. అందరూ కొట్టుకున్నారు, ఫాదర్ కూడా. తర్వాత పాట అందుకోవాలి. మద్దెల మీద చెయ్యి పడింది. ఫాదర్ చెయ్యెత్తి ఆపారు.

"ఈ మాట ముప్పై ఏళ్ళుగా రోజూ అంటున్నాను. ఏ తప్పో చెప్పకుండా అంటున్నాను. ఇవాళ చెబుతాను," అన్నారు.

మద్దెల వాయించే అతను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మూడేళ్ళ కిందట ఈ రోడ్డు వేయించాను. వేసే రోజు సుఖ్‌మతీ దాయి వచ్చి, తూము ఎక్కడ పెడుతున్నారు అని అడిగింది. తర్వాత చూద్దాం దాయీ అన్నాను. నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత చూడలేదు. నీళ్ళు రాకుండా చేసింది నేను, చెరువుకి ప్రాణం పోయిందని పూడ్చడానికి ఒప్పుకున్నదీ నేను. భూమికి చేసిన కీడు కూడా పాపమేనని మీకు బోధించిందీ నేనే. వేసవిలో మీరు బిందెలతో దూరం నడిచారు. దాయీ, నన్ను క్షమించు."

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. ఆవిడ కొంగు నెత్తి మీదకి లాక్కుని నేలకేసి చూసింది. కాసేపటికి చెయ్యి కొంచెం పైకెత్తి దించింది, సరేలే అన్నట్టు. బాబాయి కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు, చాలాసేపు.

ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పాను. తప్పు చెప్పిన రోజులున్నాయి, అవి నాకు తెలుసు. ఏ ఒక్క రోజూ మర్నాడు క్లాసులో నిలబడి, నిన్న నేను తప్పు చెప్పానని అనలేదు. ఆ చాప మీద కూర్చుని అదే అనుకున్నాను.

పూజ అయ్యాక సంఘం కూర్చుంది. అంతా సాఫీగా ఏమీ జరగలేదు. జోసెఫ్ మాస్టారని ఒక పెద్దాయన హాలు కావాలని గట్టిగా వాదించారు. ఆయన మాటలోనూ న్యాయముంది. వానలో టార్పాలిన్ల కింద తడుస్తూ చేసిన తన కూతురి పెళ్ళి గురించి చెప్పారు. "మాకూ ఒక కప్పు ఉండొద్దా?" అన్నారు. ఉండాలి, కానీ చెరువు మీద వద్దన్నారు ఆడవాళ్ళు. రోడ్డు తవ్వితే బస్సు రాదు కదా అని ఇంకొకాయన అడిగారు. "పని అయ్యేదాకా మలుపు దగ్గర ఆగుతుంది. పిల్లలతో నేనూ నడుస్తాను," అన్నారు ఫాదర్. చివరికి చేతులెత్తితే చెరువు వైపే ఎక్కువ లేచాయి. జోసెఫ్ మాస్టారు ఎవరితోనూ మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయారు. సోమవారం రోడ్డు తవ్వే పనికి కూడా రాలేదు.

గునపాలు

మిగతావాళ్ళు వచ్చారు. చర్చికి వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ కలిసి పాతికమంది దాకా. రోడ్డుకి అడ్డంగా సుద్దతో రెండు గీతలు గీసి, మొదటి గునపం దెబ్బ ఫాదరే వేశారు. సిమెంటు గట్టిగా ఉంది, బాగా వేయించారన్నమాట. బాబాయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "రోకో, రోకో! ఇంకా దిగువకి! వాలు చూసుకోండి!" అని ఇంజన్లోంచి తల బయటపెట్టినట్టు కేకలేశారు. మధ్యాహ్నం అందరికీ బోరే బాసీ పెట్టారు. అంటే నీళ్ళలో నానిన రాత్రి అన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. మన చద్దన్నమే. అయితే మనం ఇంట్లో ఎవరూ చూడకుండా తింటాం, అక్కడ ఫాదరు, మేస్త్రీ, సిస్టరు వరసగా కూర్చుని తిన్నారు.

పొద్దువాలే ముందు పాత తూము బయటపడింది. ఒక చోట పగిలింది, మిగతాది బాగానే ఉంది. పగిలిన చోట కొత్త గొట్టం వేశారు. లోపల్నించి మట్టి లాగుతుంటే ఒక పీత బయటికొచ్చి, పనివాళ్ళనీ మమ్మల్నీ చూసి, తీరుబడిగా చెరువు వైపు నడిచింది.

తిరుగు లోకల్లో బాబాయి కిటికీలోంచి ఎదురుగా పోతున్న బొగ్గు రేకుని చూస్తున్నారు. వేగన్లన్నీ దాటిపోయాక అన్నారు: "సిస్టర్ చెప్పింది రాత్రంతా ఆలోచించేనమ్మా. నేను లాగింది నేను లాగేను. మా మనవడికి వేరే పని దొరకాలి. అదొక్కటే."

మంగళవారం వాన

నా బండి సాయంత్రం. పొద్దున్నే మబ్బు కమ్మింది. బాబాయి నాకంటే ముందు గొడుగు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. బిల్హాలో దిగేసరికి వాన దంచుతోంది. మలుపు దగ్గర ఆగిన బస్సులోంచి పిల్లలు దిగి, ఫాదర్ వెనకాల వరసగా తడుస్తూ బడికి నడుస్తున్నారు.

తవ్విన చోట ఊరంతా చేరింది. తెల్లటి సిమెంటు రోడ్డు మధ్యలో ఎర్రటి గాడి, అందులో గొట్టం. పై నేల మీద నీళ్ళు పేరుకుంటున్నాయి కానీ గొట్టంలోకి రావటం లేదు. కొంచెం కొంచెంగా పెరుగుతూ ఆగాయి. వాలు తప్పు చెప్పానేమోనని బాబాయి గొడుగు పక్కకి వంచి గొట్టంలోకి తొంగిచూశారు. శాంతి పెదాలు కదుపుతూ ఏదో అనుకుంటోంది. తర్వాత కొన్ని ఆకులు, కొంత నురగ గొట్టం నోట్లోకి వెళ్ళాయి. ఇవతలి పక్క కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి మట్టి రంగు నీళ్ళు గుబుక్కుమని బయటికి దూకాయి.

నీళ్ళు చెరువు గట్టు దిగి, ఎండిన పగుళ్ళు వెతుక్కుంటూ వెళ్ళటం అందరం చూస్తున్నాం. సుఖ్‌మతీ దాయి మేకల్ని వదిలేసి, కర్ర పక్కన పెట్టి, గొట్టం ముందు రాయి మీద కూర్చుంది. రెండు కాళ్ళూ ఆ నీళ్ళలో పెట్టింది. ఫాదర్ తడిసిన బట్టలతో వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డారు. ఆవిడ తలెత్తి ఆయన్ని చూసి, నేను వచ్చిన ఆరు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

"అబ్బడ్ జుడ్ హే," అంది. చాలా చల్లగా ఉన్నాయట.